రెండో గుండిగ

భవానీపురం, విజయవాడ
10-6-74

అక్కా,

నీ ఉత్తరం అందింది. క్షేమసమాచారాలన్నీ ఒక్క ముక్కలో ముగించి, "ఇంతకీ ఏ గుళ్ళో మోకరిస్తున్నారే మీ ఇద్దరూ?" అని నిలదీశావు. నిన్నటిదాకా ఏ గుళ్ళోనూ లేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

నీకు తెలియనిదేముంది. పెళ్ళికి ముందు మన కేథలిక్ ఫాదర్‌గారు ఈయన్ని మనలోకి రమ్మన్నారు. వీళ్ళ ప్రొటెస్టెంటు పాస్టరుగారు నన్ను వాళ్ళలోకి రమ్మన్నారు. ఇద్దరం మొండివాళ్ళం గనక రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టేసి వచ్చాం. అప్పుడు పౌరుషంగానే ఉంది. మూడేళ్ళు గడిచాక ఇప్పుడు ఆదివారం వస్తే భయమేస్తోంది. ఊరంతా గంటలు మోగుతుంటే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతాం. "రేపు మనలో ఒకరు పోతే మొయ్యడానికి నలుగురు కావద్దా తెరేసా?" అన్నారు మీ మరిది మొన్న. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకని ఈ వేసవంతా గుళ్ళు తిరిగాం, పిల్లకి సంబంధాలు చూసినట్టు. ఒక పెద్ద గుళ్ళో, "మీ సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెచ్చారా?" అన్నారు. ఇంకోచోట ఉత్తరం అడగలేదు, "మీది ఏ పేట?" అని అడిగారు. అది కులం అడగడమేనని పల్లెల్లో పుట్టిన మనకి వేరే చెప్పాలా? మూడో చోట నన్ను ముందు చాప మీద కూర్చోబెట్టి, గంటసేపు మరియమ్మ తల్లికి మొక్కడం తప్పని ప్రసంగం చేశారు, నా మొహంలోకే చూస్తూ. బయటికొచ్చాక ఈయన, "నీ మూలంగా ఆయనకి మంచి ప్రసంగం దొరికింది" అని ఏడిపించారు.

చివరికి మాకు దారి చూపింది దానమ్మ. ఈయన వన్ టౌన్‌లో గుమాస్తాగా ఉన్న గోడౌనులోనే ఊడుస్తుంది. మా కథంతా ఎలా తెలిసిందో ఏమో, "ఆదోరం పూట ఇద్దరే కూకుంటారంటగా బాబూ. మా గుడికి రండి. తాటాకు పాకే అనుకోండి. ఉత్తరం గిత్తరం ఎవురూ అడగరు" అందట. నిన్న వెళ్ళాం. మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. పాస్టరు సంజీవరావుగారు ఏమీ అడగలేదు. వాళ్ళావిడ సంపూర్ణమ్మగారు మాత్రం ఒక్కటే అడిగారు, "పిడికెడు బియ్యం తీస్తావా అమ్మా?" అని.

ఇక్కడ ఆడవాళ్ళంతా పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడికి తెచ్చి అందరివీ ఒక్క పీపాలో కలిపేస్తారు. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం వండి కృష్ణ ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్ళకి పెడతారు. పెద్దరోగంతో వేళ్ళు పోయినవాళ్ళు, ముసలివాళ్ళు, ఎవరూ లేనివాళ్ళు. ఆ వంట, వడ్డన మా ఇద్దరినీ చూసుకోమన్నారు. అక్కా, మూడేళ్ళ తర్వాత ఒకరు మాకు పని చెప్పారు. నాకు ఏడుపొచ్చింది.

నీ చెల్లెలు
తెరేసమ్మ


చల్లపల్లి
24-6-74

చెల్లి తెరేసకి,

రెంటికీ చెడ్డ రేవడివి అవుతావని ఆనాడే చెప్పాను, విన్నావు కాదు. ఇప్పుడు తాటాకు పాకలో చేరావన్నమాట. పోనీలే, గాలన్నా ఆడుతుంది.

నేను మాత్రం నీ కోసం మన గుళ్ళో కొవ్వొత్తి వెలిగించడం మానను. నువ్వు ఆ ప్రసంగం చేసినాయన ఊరు రాయి, ఆయన కోసం కూడా ఒకటి వెలిగిస్తాను, బుద్ధి రావాలని.

బియ్యం సంగతి చదివాక మాత్రం నీ మీద కోపం పోయింది. ఇద్దరు మనుషుల వంటలో పిడికెడు తీస్తే డబ్బా ఎప్పుడు నిండేను? అక్కడి ఆడవాళ్ళ ముందు నువ్వు చిన్నబోకూడదు. ఇక్కడ పూటకి తొమ్మిది మందికి వండుతున్నాను. ఈ రోజు నుంచి నేనూ ఒక పిడికెడు తీస్తాను. మా అత్తకి తెలిస్తే, "వాళ్ళ గుడికి మన బియ్యమా!" అని ఇల్లు పీకి పందిరేస్తుంది. మీ బావకి కూడా చెప్పను, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. గొడ్లపాకలో ఎవరి చెయ్యీ పడని మూల ఒకటుంది. అక్కడ సంచిలో దాస్తాను. ఇది నీకూ నాకూ మధ్యే.

అక్క
అమలమ్మ


భవానీపురం
5-8-74

అక్కా,

నిన్న ఆదివారం మమ్మల్ని సంఘంలో చేర్చుకున్నారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, "వీళ్ళు మనవాళ్ళు" అన్నారు సంజీవరావుగారు. అంతే. అంతకంటే పెద్ద ప్రార్థన నేను వినలేదు.

రెండు నెలలుగా ఒడ్డుకి అన్నం తీసుకెళ్తున్నాం. అక్కడ బసవయ్య అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు వన్ టౌన్‌లో తోపుడుబండి తోసేవాడట. ఇప్పుడు వేళ్ళు లేవు, రెండు చేతుల మధ్య పళ్ళెం ఇరికించుకుని పట్టుకుంటాడు. ఎప్పుడూ అందరికంటే వెనకే కూర్చుంటాడు. "పిల్లలకి ముందు పెట్టండి తల్లీ, నాకు అడుగంటినదైనా సరే" అంటాడు. మాడుచెక్క ఇష్టం లెండి అని నవ్వుతాడు. మీ మరిది ఆయన పక్కనే చతికిలబడి పాత బజారు కబుర్లన్నీ చెప్పించుకుంటారు.

నచ్చనిది ఒక్కటే ఉంది. దానమ్మ తెచ్చే బియ్యం. ఆమె గోడౌనులో బస్తాల కింద ఒలికిన గింజలు ఊడ్చి, చెరిగి, రాళ్ళేరి, వండుకుంటుంది. అందులోంచే పిడికెడు తీస్తుంది. మిగతా ఆడవాళ్ళు, "ఊడ్చిన గింజలు మా బియ్యంలో కలుపుతారా?" అని గొణుగుతారు. అసలు నొప్పి గింజల గురించి కాదని నాకు తెలుసు. ఊడ్చే చేతి గురించి. సంపూర్ణమ్మగారు ఎదురు చెప్పరు, దానమ్మ డబ్బా మాత్రం ఆఖర్న ఒంపిస్తారు. దానమ్మకీ తెలుసు. "కలిసిపోయాక ఏది ఎవురిదో దేవుడికే తెలీదమ్మా" అంటుంది.

తెరేస


చల్లపల్లి
2-9-74

తెరేసా,

ఈ ఉత్తరం తెచ్చినాయన చేతికే బియ్యం సంచి కూడా ఇచ్చాను. రెండు కుంచాలకి పైనే ఉంటాయి. పాతబియ్యం, మెతుకు బాగా సాగుతుంది. ఈ నెలాఖరుకి వాడెయ్యి, పురుగు పట్టకముందే. వేపాకు వేశాను, ఏరెయ్యి.

బావకి ఒంట్లో బాగుండటం లేదు. ఆసామి రామకోటేశ్వరరావుగారు పొలమంతా ఐ.ఆర్. ఎనిమిది వరి వేశారు. ఆ పైరుకి మందు కొట్టకపోతే గింజ నిలవదట. మిగతా పాలేర్లు తప్పుకుంటే బావ ఒక్కడే భుజాన పంపు తగిలించుకుని తిరుగుతున్నాడు. కళ్ళు మండుతున్నాయంటాడు, తిన్నది కక్కుకుంటాడు. ఎన్నిసార్లు స్నానం చేసినా ఆ ఎండ్రిన్ కంపు పోదు. గొడ్లపాకలో టిన్నులు పెట్టనిచ్చినందుకు మా అత్త రోజూ దెప్పుతుంది. మానెయ్యమంటే, "మానేస్తే ఆసామి ఇచ్చిన ఈ పాకలోంచి కూడా పొమ్మంటారు అమలా" అంటాడు. మీ పాకలో ఆయన కోసం ఒక మాట ప్రార్థన చెయ్యించు. మీదీ మాదీ అని చూడకు.

అమలమ్మ


భవానీపురం
3-10-74

అక్కా,

బసవయ్య చచ్చిపోయాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం. అన్నం రెండు గుండిగల్లో వండాం. మొదటి గుండిగ తిన్నవాళ్ళకి ఏమీ కాలేదు. రెండో గుండిగలోంచి ఆఖరి పంక్తి వాళ్ళకి పెట్టాను, పదకొండు మంది. గంట తిరక్కుండా ఒక్కొక్కళ్ళే వాంతులు. తర్వాత మూర్ఛలు. బసవయ్య ఒళ్ళంతా విల్లులా వంగిపోయింది, నోట నురగ. మీ మరిది రిక్షాలు పిలిస్తే రిక్షావాళ్ళు ఆ రోగం ఉన్నవాళ్ళని ఎక్కించుకోం అన్నారు. తోపుడుబండి మీద వేసి తోసుకెళ్ళారు. పదిమంది దక్కారు. బసవయ్య బండి మీదే పోయాడు.

నా చేత్తోనే పెట్టానక్కా. "ఈ రోజు అన్నం పొడిపొడిగా బాగుంది తల్లీ, ఇంకొంచెం వెయ్యి" అంటే ఇంకో గరిటె వేశాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు అన్నంలో పురుగుల మందు ఉందన్నారు. ఎవరో వచ్చి కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళారు. దిక్కులేని మనిషి గనక అడిగేవాళ్ళు లేరు. శవాన్ని పాతిపెట్టడానికి మా సంఘంలోంచి నలుగురు కూడా రాలేదు. మీ మరిది, నేను, దానమ్మ, దానమ్మ కొడుకు.

నిన్న సాయంత్రం పాకలో సభ పెట్టారు. ఎవరి బియ్యం అని. అందరి చూపూ దానమ్మ మీదే. గోడౌనులో పురుగు పట్టకుండా మందు చల్లుతారు గదా, ఆ నేల మీదవే గదా ఊడ్చి తెచ్చింది అన్నారు. "మందు సల్లిన నాడు నేను గింజ ముట్టనమ్మా. అవే నేనూ నా పిల్లలూ తింటన్నాం. మాకేం కాలేదే!" అని మొత్తుకుంది. ఎవరూ వినలేదు. ఆరు నెలలు రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభుబల్లకి దూరంగా ఉండాలని, పిడికెడు బియ్యం ఇక తేకూడదని తీర్పు చెప్పారు. ఆమె నా పక్కనే కూర్చుని ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

తెరేస


చల్లపల్లి
9-10-74

తెరేసా,

బసవయ్యకి మూర్ఛలు ఎలా వచ్చాయి? కళ్ళు తేలేశాడా? పళ్ళు గిట్టకరిచాయా? అన్నం కిరసనాయిలు కంపు కొట్టిందా? తప్పకుండా రాయి.

నేను పంపిన సంచి ఇంకా ఉంటే కాల్చెయ్యి. ఉతికి వాడుకోవద్దు. దేంట్లోనూ ఏమీ పొయ్యద్దు.

అమలమ్మ


భవానీపురం
14-10-74

అక్కా,

ఎందుకు కాల్చమన్నావు?

నేను దాచిన మాట ముందు నేను చెప్తాను. పీపాలో బియ్యం ఒక గుండిగకే సరిపోయాయి. రెండో గుండిగ నిండా నీ సంచిలోవే పోశాను. దానమ్మ బియ్యం అందులో గింజ కూడా లేవు. కడిగేటప్పుడు వాసన వచ్చింది. పొయ్యి పక్కన కిరసనాయిలు సీసా ఉంది, దానిదే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. సభలో ఈ రెండూ చెప్పలేదు.

ఉన్నది ఉన్నట్టు రాయి.

తెరేస


చల్లపల్లి
20-10-74

తెరేసా,

సంచి బావది. మందు టిన్ను కారుతుంటే దాని చుట్టూ చుట్టి తెచ్చాడు. గొడ్లపాకలో మూలన పడుంది. మంచి గుడ్డ గదా అని కుంకుడుకాయ రసంతో రెండుసార్లు ఉతికి, ఎండేసి, అందులోనే నీ బియ్యం పోశాను. కంపు కాస్త మిగిలింది. పాకంతా అదే కంపు గనక పట్టించుకోలేదు. ఇంట్లో బియ్యం కుండ పక్కన పెట్టుకుని ఉంటే మంచి సంచి దొరికేది. దొంగతనంగా దాచాను గనక ఆ మూలే దొరికింది. దేవుడికిచ్చేది దాచి ఇవ్వబోయాను తెరేసా, మా అత్త నోటికి భయపడి.

నువ్వు చెప్తే దానమ్మ బయటపడుతుంది. కానీ బావని పట్టుకుపోతారేమోనని నా భయం. ఆసామి తన పేరు రాకూడదని మమ్మల్నే మింగేస్తాడు. మీకు దొరక్కదొరక్క దొరికిన గుడి, అక్కడ కూడా తలుపు మూస్తారు. నేను కాళ్ళు పట్టుకుంటాను, కొన్నాళ్ళు ఆగు. ఆగమని అడిగే మొహం నాకు లేదని కూడా తెలుసు.

అమలమ్మ


భవానీపురం
2-12-74

అక్కా,

ఆరు వారాలు ఉత్తరం రాయలేదు. నీ మీద కోపంతో కాదు. నువ్వు ఆగమన్నావు, ఆగడం నాకూ హాయిగానే ఉంది. అదీ నా సిగ్గు.

ఈలోగా దానమ్మకి గోడౌను పని పోయింది. గుడిలో మాట బజారుకి పాకింది. "మందు కలిపిన మనిషి మా సరుకు దగ్గరెందుకు" అన్నారు. అయినా ఆమె గుడికి రావడం మానలేదు. తలుపు పక్కన, చెప్పులు విడిచేచోట కూర్చునేది. కిందటి నెల పదో తారీకు, ప్రభుబల్ల ఆదివారం, గిన్నె చేతులు మారుతూ నా దాకా వచ్చింది. దానమ్మ తల వంచుకుని కూర్చుంది. నేను గిన్నె పట్టుకుని తాగలేకపోయాను. లేచి నిలబడ్డాను. ఈయన అవతలి చాపల్లోంచి నన్ను చూసి తనూ లేచారు.

అంతా చెప్పేశాను. సంచి, వాసన, రెండో గుండిగ, నేను దాచిపెట్టడం. బావ పేరు, ఊరి పేరు చెప్పలేదు. మా అక్క అని మాత్రం అన్నాను. సంఘంలోంచి వెళ్ళగొడతారని ఇద్దరం సిద్ధపడే ఉన్నాం.

వెళ్ళగొట్టలేదక్కా. సంజీవరావుగారు కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థించి, "తెలియక జరిగింది. మీరు చదువుకున్నవాళ్ళు, సేవ చేసేవాళ్ళు. దేవుడు క్షమించాడు. ఈ మాట ఈ పాక దాటి పోకూడదు" అన్నారు. సంపూర్ణమ్మగారు వచ్చి కౌగిలించుకున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టిందేమో. చెయ్యని తప్పుకి దానమ్మకి ఆరు నెలలు, చేసినదానికి నాకు ఐదు నిమిషాలు.

పాట మధ్యలోనే అడిగాను, "మరి దానమ్మ సంగతేమిటండీ?" అని. "చూద్దాం అమ్మా. వేసిన శిక్ష వెంటనే తీసేస్తే సంఘానికి మర్యాద ఉండదు. ఆరు నెలలు ఎంతలో గడుస్తాయి" అన్నారు. అప్పుడు తలుపు దగ్గర చూస్తే దానమ్మ లేదు.

మేమూ బయటికొచ్చేశాం. మళ్ళీ ఆ పాకలోకి వెళ్ళలేదు.

తిన్నగా దానమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. నేను కాళ్ళ మీద పడబోతే కాళ్ళు లోపలికి లాక్కుంది. "ఆ రోజు నేను ఏడుత్తంటే నా పక్కనే కూకున్నావమ్మా నువ్వు. మీ అక్క పేరు చెప్పమనలేదు నేను. 'ఆ గుండిగలో దానమ్మ బియ్యం లేవు' అని ఒక్క మాట. ఆ ఒక్క మాటకి నీకేం పోయేది?" అంది. ఈయన, "మమ్మల్ని గుడికి పిలిచింది నువ్వు దానమ్మా" అన్నారు. "పిలిచాను బాబూ. ఇప్పుడు రమ్మనను, పొమ్మనను" అంది.

మూడు ఆదివారాలుగా వెళ్తున్నాం. ఆమె గుమ్మం ముందు నేల మీద కూర్చుంటాం. ఆమె మాతో మాట్లాడదు, తన పని తను చేసుకుంటుంది. గంటసేపు అక్కడ ప్రార్థన చేసుకుని ఒడ్డుకి వెళ్తాం. పాకవాళ్ళు అన్నదానం మానేశారు. మేము వండి తీసుకెళ్తే గుడిసెలవాళ్ళు ముట్టుకోరు, పిల్లల్ని కూడా మా దగ్గరికి రానివ్వరు. అందుకని నీళ్ళు మోస్తున్నాం. పుళ్ళు కడగనిచ్చినవాళ్ళకి కడుగుతున్నాం. ఇద్దరు కడగనిచ్చారు.

ఈయన గోడౌను యజమానికి కూడా జరిగింది చెప్పారు. దానమ్మని మాత్రం తిరిగి పనిలో పెట్టుకోలేదు. వేరే మనిషి కుదిరిందట.

నేను చెప్పేశానని నీకు తెలియాలి గనక రాశాను. నన్ను క్షమించమని అడగను. నిన్ను క్షమించానని కూడా రాయలేను. అంత తేలిగ్గా అనేవాళ్ళ మధ్యనుంచే లేచి వచ్చాను.

తెరేస


చల్లపల్లి
10-12-74

తెరేసా,

నీ ఉత్తరం పట్టుకుని గుడికి వెళ్ళి నా తప్పంతా ఒప్పుకుంటూ పాపసంకీర్తనం చేసుకున్నాను. ఫాదర్‌గారు చివరిదాకా విని, ఐదు జపమాలలు చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. మోకాళ్ళ మీదే అన్నీ అయిపోయాయి. బసవయ్య బతకలేదు, దానమ్మకి పని రాలేదు. గుమ్మం దిగుతుంటే నా బరువు నా నెత్తినే ఉంది.

ఇంటికొచ్చి బావకి మొత్తం చెప్పాను. రెండు రోజులు ఆయన గొడ్లపాకలో టిన్నుల ముందు కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున్నే ఆసామి దగ్గరికి వెళ్ళి మందు ఇక కొట్టనని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు, అమాయకుడు. వారంలో పాక ఖాళీ చెయ్యమన్నారు. మా అత్త పిల్లల్ని తీసుకుని పెద్దమరిది ఇంటికి వెళ్ళింది. పోతూ నన్ను అన్న మాటలు రాయను. ఈసారి నాకు ఎదురు చెప్పాలనిపించలేదు.

నేను విజయవాడ వెళ్ళి దానమ్మకి చెప్తానంటే, "నువ్వు ఒక్కదానివే పోతానంటావేంటి?" అన్నాడు బావ. "టిన్నుకి ఆ గుడ్డ సుట్టింది నేను. బియ్యం పోసింది నువ్వు. ఇద్దరం పోదాం. పట్టుకుపోతే పట్టుకుపోనీ. ఆమె మొహం సూసి సెప్పకపోతే నాకు ముద్ద దిగదు."

దానమ్మ తిడితే పడతాం. తలుపేసుకుంటే తలుపు ముందే చెప్తాం. నువ్వు మా తరపున ముందుగా ఏమీ చెప్పి పెట్టకు. జాలి పుట్టేలా అసలు చెప్పకు. గుడిసెలవాళ్ళకి నీళ్ళు మొయ్యడానికి బావ ఉన్నాడు. పంపు మోసిన భుజాలే, కడవ మొయ్యలేకపోవు.

ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరుతున్నాం. మీరిద్దరూ కూర్చునే చోట కాస్త పక్కకి జరగండి.

అక్క
అమలమ్మ